కోత పండుగలో వేలం వేయని గింజ

అక్టోబరు వచ్చిందంటే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో స్థిరపడిన మన తెలుగువారి ఇళ్లలో ఒక పని మొదలవుతుంది. వేసవి అంతా పెరట్లో పెరిగిన కరివేపాకు కుండీని ఇంట్లోకి మోసుకొస్తారు. మిన్నెసోటా, మిషిగన్ లాంటి చోట్ల బయట వదిలేస్తే మంచు పడిన రోజుల్లో అది బతకదు. దక్షిణం వైపు కిటికీ దగ్గర చోటు చూసి పెడతారు. ఎండ చాలకపోతే పైన ఒక దీపం వేలాడదీస్తారు. ఆకుల అడుగున పురుగు చేరిందేమోనని రోజూ తిప్పి చూస్తారు. పోయిందంటే మన దేశం నుంచి ఇంకో మొక్క తెప్పించుకునే వీలు లేదు. పచ్చి కరివేపాకును కూడా అక్కడి వ్యవసాయ శాఖ విమానం దిగనివ్వదు. అందుకని ఉన్న ఒక్క కుండీని చంటిబిడ్డను చూసినట్టు చూస్తారు.

ఆత్మకూరు ప్రాంతం నుంచి కూతురి కాన్పుకని అక్కడికి వెళ్లొచ్చిన ఒక తల్లి ఈ సంగతి మాతో చెప్పింది. డిసెంబరులో ఆ మొక్క ఆకంతా రాల్చి ఎండుపుల్లలా నిలబడిందట. "ఇగ ఇది పోయింది బిడ్డా, తీసి పారెయ్" అందట ఈమె. కూతురు గోటితో కొమ్మ మీద సన్నగా గీకి చూపించింది. లోపల పచ్చగా ఉంది. "నీళ్లు ఎక్కువ పొయ్యకమ్మా, ఏరు మురుగుతది. ఏప్రిల్ దాంక ఓపిక పట్టు" అందట. ఆ ఇంట్లోనే అల్మరా సొరుగులో బీర, సొర, గోంగూర గింజలు చిన్న చిన్న కవర్లలో పేర్లు రాసి ఉన్నాయి. జనవరి నెలలో బయట మోకాలి లోతు మంచు ఉండగా, ఆ అమ్మాయి కవర్లన్నీ బల్ల మీద పరిచి లెక్క చూసుకుంటుంటే, పెంపుడు పిల్లి వచ్చి వాటి మీద పడుకునేదట. "చేయడానికి పని లేదు. అయినా ఆ పిల్ల తోట పని చేస్తనే ఉన్నది" అని ఆ తల్లి ఆశ్చర్యపోయింది.

ఆమె మాటలు విన్నాక మేము మన పల్లెల గురించి ఆలోచించాం. మన దగ్గర చలికాలం తోటకు శత్రువు కాదు. బంతీ చామంతీ విరగబూసేది, చిక్కుడు పందిరి నిండేది, కొత్తిమీర, పాలకూర లేతగా వచ్చేది క్రిస్మస్ రోజుల్లోనే. మన మంచు ఎండాకాలంలో కురుస్తుంది. ఉగాది దాటాక బావి అడుగు కనిపిస్తుంది. నేల నెర్రెలు విచ్చుతుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడేదాకా, రెండు మూడు నెలలు, పొలానికి రైతు చేయగలిగింది ఏమీ ఉండదు. మిన్నెసోటాలో తెల్లగా కప్పుకుని పడుకునే నేల మన దగ్గర ఎర్రగా కాలుతూ పడుకుంటుంది. రెండు చోట్లా ఇంటివారు చేయవలసిన పని మాత్రం ఒకటే. మళ్లీ రుతువు తిరిగేదాకా గింజనూ, మొక్కనూ, నోరులేని జీవాన్నీ బతికించి ఉంచాలి.

గోధుమగింజ భూమిలో పడి చావడం గురించి (యోహాను 12:24) ఎన్నో ప్రసంగాలు విన్నాం, మేమూ చెప్పాం. ఆ గింజ భూమిలో పడే రోజు వచ్చేదాకా దాన్ని ఎవరు దాచారు, ఎలుక నుంచి, పురుగు నుంచి, ఆకలి నుంచి ఎలా కాపాడారు అన్న ప్రసంగం మాత్రం ఇంతవరకు వినలేదు. ఈ వారం ఆ సంగతే రాయాలనిపించింది.

ఆత్మకూరు చుట్టుపక్కల పెద్ద వయసు తల్లులను అడిగి చూడండి. వారు గింజలను కాపాడిన పద్ధతులు వింటుంటే పూట గడిచిపోతుంది. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబోసేవారు. పెసలను, అలసందలను పొయ్యి బూడిదలో కలిపి కుండకెత్తి, పైన వేపాకు పరిచి, మూతిని పేడతో అలికేవారు. మంచి జొన్న కంకులను కోతకు ముందే చేనులో చూసి పెట్టుకుని, విడిగా కోసి దూలానికి కట్టేవారు. పొయ్యి పొగ తగిలినచోట ముక్కపురుగు చేరదు. పల్లీని కాయగానే ఉంచేవారు. ఒలిచిపెట్టిన గింజ తినడానికి బాగుంటుంది గాని వానాకాలానికి మొలక పోతుంది. ఇక సొర, బీర, కాకర గింజలకు ఎండిన సొరకాయ బుర్రే పెట్టె. దాని మూతిలో గుడ్డపేలిక కుక్కి ఉట్టి మీద పెడితే రెండేళ్లు ఢోకా లేదు. ఉల్లి గింజ అట్లా కాదు, ఏడాది దాటితే నమ్మడానికి లేదు.

వీటి వెనుక ఉన్న శాస్త్రం చిన్నదే. గింజకు తేమ, వేడి శత్రువులు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని, ఉంచిన చోట వేడి అయిదు డిగ్రీలు తగ్గినా అంతేనని విత్తన శాస్త్రజ్ఞులు లెక్క చెబుతారు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ మన జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి రకాలను గడ్డకట్టే చలిగదుల్లో దాచి ఉంచుతోంది. 2008లో నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవిలో, మంచుకొండ లోపల తెరిచిన విత్తన భాండాగారంలోకి ఇక్రిశాట్ గింజలు కూడా వెళ్లాయి. చలిని శత్రువు అనుకుంటాం గాని, నిద్రపోతున్న గింజకు అదే జోలపాట! మన తల్లులకు ఫ్రిజ్ లేదు. వారికి ఉన్నది బూడిద. బూడిద తేమను పీలుస్తుంది, పురుగును ఆపుతుంది. దాంతోనే పని జరిపించుకున్నారు.

అయితే బూడిద, వేపాకు ఆపలేని శత్రువు ఒకటుంది. అది ఇంట్లో పిల్లల ఆకలి.

కన్నీళ్లతో విత్తేవారి గురించి కీర్తనకారుడు చెప్పిన మాట (కీర్తనలు 126:5,6) మన సంఘాల్లో కంఠతా రానివారు ఉండరు. విత్తేవాడు ఎందుకు ఏడుస్తున్నాడు? ప్రార్థనాభారంతో ఏడుస్తున్నాడని ఒక బోధకుడు, ఆత్మల కోసం ఏడుస్తున్నాడని మరొకరు చెబుతారు. తప్పు కాదు. కానీ కరవు చూసిన పాలమూరు రైతును అడిగితే వేరే జవాబు చెబుతాడు. చేతిలో ఉన్న పిడికెడు గింజ పిల్లల నోటి దగ్గర నుంచి తీసుకొచ్చింది. అది ఇంట్లో గటక అయ్యేది. ఇప్పుడు మట్టిలో పోస్తున్నాడు. వాన పడుతుందో లేదో. ఇంటి దగ్గర పిల్లవాడు ఆకలితో పడుకున్నాడు. ఏడవకుండా ఎలా విత్తుతాడు? ఆ కీర్తన రాసినవాడికి గాదె అడుగు కనబడిన ఇల్లు తెలుసు.

విత్తనం తిన్న ఇంటిని మనం తప్పు పట్టకూడదు. 'వీళ్లకు ముందుచూపు లేదు' అనడం కడుపు నిండినవారికి సులువు. మహబూబ్‌నగర్ జిల్లాకు ఒకనాడు వలసల జిల్లా అని పేరు. నాగార్జునసాగర్ మొదలు దేశంలో ఎన్నో ఆనకట్టల కింద పాలమూరు లేబర్ మట్టి మోసింది. కోతలు కాగానే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను, ఒక్కోసారి బడి ఈడు పిల్లలను ఊళ్లో వదిలి బస్సెక్కేవారు. ఆత్మకూరుకు దగ్గరలోనే కృష్ణ మీద జూరాల ఆనకట్ట కట్టారు. తర్వాత భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతలు వచ్చాయి. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడింది. వలస తగ్గింది, ఆగలేదు. కాలువ నీరు అందని ఊళ్లలో ఇప్పటికీ ఎండాకాలపు ఆదివారం ఆరాధనలో చాపలు ఖాళీగా కనిపిస్తాయి. తాళం వేసిన ఇంట్లో విత్తనం ఎవరు చూస్తారు? తిరిగి వచ్చేసరికి ఎలుకలు కుండను గుల్ల చేసి ఉంటాయి. అప్పుడు గింజ కోసం మళ్లీ ఎవరి గడపో తొక్కాలి.

పాత రోజుల్లో ఆ గడపలో 'నాగు' ఉండేది. వానాకాలం మొదట్లో ఒక కుంచెడు గింజ అప్పిచ్చి, కోతలప్పుడు ఒకటిన్నర, రెండు కుంచాలు కొలిపించుకునేవారు. పేదవాడికి ఆహారం ఇచ్చి లాభం తీసుకోవద్దని ధర్మశాస్త్రం (లేవీయకాండము 25:37) ఖండితంగా చెబుతున్నదని ఆ అప్పు తీసుకున్న మన తాతలకు తెలియదు, ఇచ్చినవారికి అంతకన్నా తెలియదు. ఐగుప్తు కరవు చివరలో ప్రజలు యోసేపు దగ్గరకు వచ్చి, తాము బతకడానికి, నేల పాడుపడకుండా ఉండడానికి విత్తనాలు ఇమ్మని అడిగిన సంగతి ఆదికాండము 47వ అధ్యాయంలో ఉంది. యోసేపు ఇచ్చాడు. ఏడేళ్లు ముందుగా దాచిపెట్టినందువల్లే ఇవ్వగలిగాడు. కానీ ఆ గింజకు బదులు భూములన్నీ ఫరోకు రాయించాడు, పంటలో అయిదో వంతు కట్టమన్నాడు. యోసేపును మనం ఎంతో గౌరవిస్తాం. అయినా, గింజ ఇచ్చి భూమి రాయించుకున్న ఆసాములను చూసిన పల్లెవాళ్లకు ఆ అధ్యాయం చదవడం సుఖంగా ఉండదు. దాచడం నేర్చుకోవలసింది యోసేపు దగ్గరే. పంచే పద్ధతిని మాత్రం వేరే చోట వెతుక్కోవాలని మాకు అనిపిస్తుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఆత్మకూరు వైపు ఒక పల్లె సంఘంలో కోత పండుగకు మమ్మల్ని పిలిచారు. కోత పండుగ ఎలా ఉంటుందో పాఠకులకు చెప్పనవసరం లేదు. బలిపీఠం ముందు వడ్ల సంచులు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక మూల మేకపిల్ల. ఆరాధన కాగానే వేలం. ఆ రోజు ఒక ముసలి విధవరాలు ఎండిన సొరకాయ బుర్ర తెచ్చి పెట్టింది. వేలం పాడే సహోదరుడు దాన్ని పైకెత్తి ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. "వాయిద్యం కావాలా, వాయిద్యం?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. పది రూపాయలకు పాట ముగిసింది. పాడుకున్నది మేమే. ఇంటికి తెచ్చి, చూడడానికి బాగుందని గోడకు తగిలించాం. ఏడాది తర్వాత ఎప్పుడో దుమ్ము దులుపుతుంటే గుడ్డపేలిక ఊడి గింజలు నేల మీద పడ్డాయి. సొర, బీర, దోస, నాలుగు రకాల చిక్కుడు. ఒక్కో రకం విడివిడిగా పాత గుడ్డముక్కల్లో ముడివేసి ఉంది. అవి చూశాక గాని మాకు అర్థం కాలేదు. ఆమె ఆ రోజు దేవుని సన్నిధికి తెచ్చింది వచ్చే ఏటి పెరడు మొత్తాన్ని! అందులో సగం గింజలకు అప్పటికే పురుగు పట్టింది. మిగిలినవి నానబెట్టి నాటితే చిక్కుడు తీగలు మూడే మూడు లేచాయి. రెండు కాసులు వేసిన విధవరాలిని (మార్కు 12:42) గుర్తుపట్టిన ప్రభువు ఆ మందిరంలో ఉండి ఉంటే, మాతో కలిసి నవ్వి ఉండేవాడు కాదు.

అప్పటి నుంచి కోత పండుగ వేలం చూసినప్పుడల్లా ఒక ప్రశ్న వేధిస్తోంది. సంఘం కానుకగా వచ్చిన గింజను ఆ మధ్యాహ్నమే డబ్బుగా మార్చేసుకుంటుంది. ఆ డబ్బుతో మందిరానికి రంగు వేస్తాం, మైకు సెట్టు కొంటాం. అదీ అవసరమే, కాదనం. కానీ ఆరు నెలలు తిరగకుండా అదే సంఘంలోని కుటుంబాలు విత్తనం కోసం దుకాణం ముందు నిలబడతాయి, అప్పు చేస్తాయి. కోతల నాడు సంఘం చేతిలో ఉన్న గింజ, మృగశిర నాడు సంఘం బిడ్డల చేతిలో లేదు. మధ్యలో ఉన్న ఆ ఖాళీ నెలలను ఎవరూ కాపలా కాయలేదు.

కాపలా కాసినవారి కథ ఒకటి చెప్పాలి. రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరాన్ని (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా జర్మన్ సేనలు చుట్టుముట్టాయి. లక్షలమంది ఆకలితో చనిపోయారు. ఆ నగరం నడిబొడ్డున నికొలాయ్ వావిలోవ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రపంచమంతా తిరిగి సేకరించిన విత్తనాల భాండాగారం ఉంది. గోధుమ, వరి, మొక్కజొన్న, చిక్కుళ్లు, బంగాళాదుంపలు, టన్నుల కొద్దీ తిండిగింజలు. కాపలా ఉన్న ఉద్యోగులు వాటిని తినలేదు. గింజ పాడుకాకుండా, ఎలుకలు కొట్టేయకుండా వంతులవారీగా కాచారు. వరి విభాగం చూసే ద్మీత్రి ఇవానోవ్ చుట్టూ వేలకొద్దీ వరి పొట్లాలు ఉండగా ఆకలితో చనిపోయాడు. పల్లీ గింజలు చూసే అలెగ్జాండర్ షూకిన్ తన బల్ల దగ్గరే ప్రాణం విడిచాడు. పల్లీ! మన పాలమూరు చేలల్లో పండే పల్లీ. వావిలోవ్ ఆ సమయంలో అక్కడ లేడు. స్టాలిన్ ప్రభుత్వం అతణ్ని ఖైదు చేసింది, 1943 జనవరిలో సరాతోవ్ జైలులో తిండి లేక అతను చనిపోయాడు. దేవుడు లేడని బడుల్లో నేర్పించిన రాజ్యంలో జరిగిన సంగతి ఇది. ఎవరో ముక్కూ మొహం తెలియని రైతు ఎప్పుడో విత్తుకోవాలని వారు కళ్ల ముందున్న తిండిని ముట్టలేదు. పునరుత్థానాన్ని నమ్ముతున్నామని ప్రతి ఆదివారం చెప్పే మనం ఒక గుమ్మడి గింజల పొట్లాన్ని ఆరు నెలలు దాచలేకపోతున్నాం.

మన ప్రాంతపు సంఘాలకు మాత్రం ఈ పాఠం వంశంలోనే ఉండాలి. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వైపు చాలా సంఘాలు మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ సేవలో పెరిగినవి. గద్వాల, మహబూబ్‌నగర్‌లలో వారికంటే ముందు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. మెన్నోనైట్ బ్రదరెన్ వారి తరఫున ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు 1899లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. వారిని పంపిన సంఘాల పెద్దలు రైతులు. యుద్ధసేవ చేయబోమన్న తమ విశ్వాసం కోసం 1870ల్లో దక్షిణ రష్యా, అంటే నేటి ఉక్రెయిన్ ప్రాంతపు పొలాలు వదిలి అమెరికాకు వలస వెళ్లినవారు. అంటే వారు కూడా ఒక రకంగా పాలమూరు వాళ్లే! 1874లో కాన్సస్‌లో దిగినప్పుడు తమ వెంట టర్కీ రెడ్ అనే గోధుమ విత్తనం తెచ్చుకున్నారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అది చలికాలపు గోధుమ. ఆకురాలే కాలంలో విత్తితే మొలిచి, మంచు కింద నెలల తరబడి ఊరికే ఉండి, ఎండ రాగానే లేస్తుంది. ఇందులో ఒక వింత ఉంది. ఆ రకాన్ని చలి తగలకుండా వసంతంలో విత్తితే ఆకు వేస్తుంది గాని సరిగా వెన్ను తీయదు. కొన్ని వారాల చలి దానికి కావాలి. మన వరికి, జొన్నకు అటువంటి అవసరం లేదు కాబట్టి మనకిది నమ్మశక్యంగా ఉండదు. ఆ మిషన్ బోర్డు కార్యాలయం చాలాకాలం కాన్సస్‌లోని హిల్స్‌బొరో అనే చిన్న ఊళ్లో ఉండేది. చుట్టూ ఆ గోధుమ పొలాలే. పెట్టెల్లో దాచి సముద్రం దాటించిన గింజ పంటగా మారి, ఆ పంటలోంచి కానుకగా మారి, మన ఊళ్లకు బడిగా, ఆసుపత్రిగా, బైబిలుగా చేరింది. ఆ ప్రయాణంలో ఎవరైనా ఆకలేసి సంచి మూతి విప్పి ఉంటే?

'ఇప్పుడెవరు ఇంటి విత్తనం వాడుతున్నారు, అన్నీ కంపెనీ పాకెట్లే గదా' అని పాఠకులు అడగవచ్చు. నిజమే. పత్తి, మొక్కజొన్న, మిరపలో హైబ్రిడ్ వచ్చాక దాచిన గింజ పనికిరాదు. రెండో ఏడు తల్లి పోలిక రాదు, దిగుబడి పడిపోతుంది. ఆత్మకూరుకు పక్కనే ఉన్న గద్వాల ప్రాంతం దేశానికంతటికీ పత్తి విత్తనం పండించి ఇస్తుంది. పూలకు చేత్తో క్రాసింగ్ చేసే ఆ పనిలో చిన్నపిల్లల చేతులు నలిగిపోయాయని 2000 తర్వాతి సంవత్సరాల్లో దేశమంతా మాట్లాడుకుంది. అంత విత్తనం పండించిన ఊళ్లోనే రైతు మరుసటి ఏడాది పాకెట్ కొనుక్కోవలసిందే. దాని సంగతి ప్రభుత్వాలు, కంపెనీలు తేల్చాలి, ఒక పల్లె సంఘం తేల్చలేదు. కానీ కంది, జొన్న, పెసర, అలసంద, అనప, పెరటి కూరగాయలు, వీటి నాటు రకాలను ఇంకా ఇంట్లో దాచుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు అదే పని చేసి చూపించారు. ఈతబుట్టల్లో బూడిద, వేపాకు కలిపి పదుల రకాలు దాచి, గింజ లేని ఇంటికి ఇచ్చి, పంట వచ్చాక కొంచెం ఎక్కువ కలిపి వెనక్కి తీసుకుంటారు. ఆ ఎక్కువ మరో ఇంటికి వెళుతుంది. నాగులో కూడా ఎక్కువే తీసుకుంటారు గదా అని అడగవచ్చు. నాగు ఎక్కువ ఆసామి గాదెలోకి పోతుంది, ఇది పొరుగింటి చేనులోకి పోతుంది. సంక్రాంతి రోజుల్లో ఆ గింజలనే ఎడ్లబండ్ల మీద పెట్టి ఊరూరా జాతరలా తిప్పుతారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చదువు రాని తల్లులు మొదలుపెట్టగలిగిన పని ఇది. మన సంఘాల్లో స్త్రీల సమాజం లేని ఊరు ఉందా?

జీవాల మాట కూడా చెప్పాలి. వలస వెళ్లే ఇంటికి గింజకంటే పెద్ద దిగులు మేకలు, కోళ్లు, గడపలో పడుకునే కుక్క. పుట్టే పిల్లల్లో సగం ఇస్తామని మేకలను ఎవరికో ఒప్పజెబుతారు. కోళ్లను అయినకాడికి అమ్మేస్తారు. కుక్కను ఏమీ చేయలేరు. తాళం వేసిన తలుపు ముందు ఎండలో అది వారాల తరబడి కూర్చోవడం మేము చూశాం. నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథలోని పేదవాడి గొర్రెపిల్ల (2 సమూయేలు 12:3) యజమాని ముద్దలో ముద్ద తిని, అతని గిన్నెలో తాగి, కౌగిట్లో పడుకుంది. పెంపుడు జీవాన్ని ఇంత ప్రేమగా చూపిన చోటు బైబిల్లో మాకు మరొకటి తెలియదు. నీనెవె పట్టణాన్ని దేవుడు విడిచిపెట్టిన కారణాల్లో అక్కడి పశువులను కూడా లెక్కించాడు (యోనా 4:11). నోవహు ఓడలో ఉన్నది ఏడాదికి పైనే. తలుపు మూసిన ఆ ఏడాదంతా ఆయన ఏం ప్రసంగించాడో బైబిల్లో లేదు. జంతువులకు మేత వేసి ఉంటాడు, పేడ ఎత్తి ఉంటాడు. దిగాక ద్రాక్షతోట వేశాడు గదా, మరి తీగ ఎక్కడిది అని అడిగి, ఓడ ఎక్కేటప్పుడే కొమ్మ వెంట తెచ్చుకున్నాడని యూదుల పాత వ్యాఖ్యానం ఒకటి చెబుతుంది. మాకది నచ్చింది. నలభై రోజులు వాన కురుస్తుంటే చీకట్లో ఒక ముసలాయన ద్రాక్ష కొమ్మను తడిమి, బతికుందా లేదా అని గోటితో గీకి చూసుకున్నట్టు ఊహించుకుంటే, మిన్నెసోటాలో ఆ కూతురు గుర్తొస్తుంది.

అందుకే మేము పాస్టర్లను, సంఘపెద్దలను అడుగుతున్నది పెద్ద ఖర్చు పని కాదు. ఈసారి కోత పండుగలో వచ్చిన నాటు గింజలను, ఎండిన కాయలను వేలానికి పెట్టకండి. పక్కన తీసిపెట్టండి. బాగా ఎండబెట్టి, ఒక్కో రకాన్ని ఒక్కో సీసాలో పోసి, పేరు, ఊరు, ఇచ్చిన నెల రాసి, గాలి చొరకుండా మూత బిగించండి. పాస్టరుగారింట్లో ఫ్రిజ్ ఉంటే చిన్న గింజల సీసాలు అందులో ఒక మూల పెట్టవచ్చు. పెద్దవాటికి కుండ, బూడిద, వేపాకు చాలు. తాళంచెవి పాస్టరుగారి దగ్గర కాకుండా ఇద్దరు తల్లుల దగ్గర ఉంటే మంచిది. పాస్టర్లు బదిలీ అవుతారు, తల్లులు ఊళ్లోనే ఉంటారు. వలస వెళ్లే కుటుంబం పేరు ఆరాధనలో చదివి ప్రార్థన చేసి పంపిస్తాం. అదే రోజు వారి కోడిపెట్టలను ఎవరు చూస్తారు, తులసివనం కుండీకో గులాబీ మొక్కకో ఎవరు చెంబెడు నీళ్లు పోస్తారు అని కూడా అడిగి, పేర్లు రాసుకోవచ్చు. యువజనులకు చెప్పండి. సెలవుల్లో వారికి వేరే పని ఏముంది?

సంఘంలో పాతకాలపు వాళ్లకు ఈ గింజలు ఇప్పుడెందుకని అనిపించవచ్చు. కుర్రవాళ్లకు చాదస్తం అనిపించవచ్చు. గింజ తీసుకున్నవాళ్లలో కొందరు తిరిగి ఇవ్వరు, ఇది ముందే అనుకోండి. వాన తప్పితే ఎవరూ ఇవ్వలేరు. అప్పుడు వారిని అడగకండి. ధాన్యం బిగబట్టేవాణ్ని జనం శపిస్తారని సామెతల గ్రంథం (11:26) చెబుతుంది. సంఘపు సీసా ధర పెరిగేదాకా బిగబట్టే సీసా కాకూడదు.

మే నెల చివరి ఆదివారానికి వారం ముందు ఒక్కో సీసాలోంచి పది గింజలు తీసి, తడిగుడ్డలో మూటగట్టి, నీడలో పెట్టండి. గుడ్డ ఆరకుండా రోజూ కాసిని నీళ్లు చిలకరించే పని ఆదివారపు బడి పిల్లలకు ఇవ్వండి. ఆరాధన అయ్యాక అందరి ముందు విప్పండి. పదిలో ఏడుకు పైగా మొలిస్తే ఆ సీసా పంచవచ్చు. అయిదారు మొలిస్తే కాస్త ఒత్తుగా విత్తమని చెప్పి ఇవ్వండి. అంతకు తగ్గితే కడిగి, ఆ రోజు ప్రేమవిందు పప్పులో వేసేయండి.